కాగితం మీది కెప్టెన్

మ్యూజియం అంటే నాకు తెలిసినంతలో చచ్చినవాళ్ళ సామాను. రాజుల కత్తులు, రాణుల గాజులు, ఎవడో నవాబు పీల్చి పడేసిన హుక్కా. బతికున్నవాళ్ళ సామానుతో మ్యూజియం పెట్టాలనే దరిద్రపు ఆలోచన మా జగదీశ్వర్ సారుకు మాత్రమే వస్తుంది. వచ్చాక ఆ పని నా నెత్తిన పడుతుంది. నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఈ రెండూ ఏనాడూ తప్పలేదు.

సకల జనుల సమ్మె అయిపోయిన మరుసటి ఏడు. గోదావరిఖనిలో కంపెనీ క్లబ్బు ఉంది, అందులో క్యారమ్ బోర్డుల గది ఉంది. ఆ గది ఖాళీ చేసి, మన గనుల కార్మికులు యాభై ఏళ్ళుగా గెలిచిన కప్పులు, షీల్డులు, ఫోటోలు అక్కడ పెట్టి, బయట ‘క్రీడా వైభవ మందిరం’ అని బోర్డు కట్టాలి. కొత్తగా వచ్చిన జీఎం రిబ్బను కత్తిరించాలి. మధ్యలో ఉన్న పనంతా ఫెబా చెయ్యాలి. ఫెబా అంటే నేనే, స్పోర్ట్స్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్‌ని. జీవితంలో నేను ఆడిన ఆటల్లా సండే స్కూల్లో కుర్చీలాట. అందులోనూ ఓడిపోయాను.

కప్పులు క్లబ్బులోనే ఉంటాయనుకోవడం నా అమాయకత్వం. గెలిచినవాడు ఇంటికి పట్టుకుపోయాడు, ఇంట్లో ఆడవాళ్ళు దాన్ని పనిలో పెట్టారు. ఫుట్‌బాల్ కప్పు కోసం రఘుపతి అనే రిటైరైన ఫిట్టర్ ఇంటికి వెళ్తే వాళ్ళావిడ అందులో మామిడికాయ తొక్కు పెట్టి ఉంది. తొక్కు అయిపోయేదాకా ఇవ్వనంది.

“ఎప్పుడయిపోతది అక్కా?”

“ఉగాదికి.”

మా ప్రారంభోత్సవం దీపావళికి ముందు. నేనే ఒక జాడీ కొనుక్కెళ్ళి, తొక్కు అందులోకి మార్పించి, కప్పు తెచ్చి మూడు రోజులు చింతపండుతో తోమించాను. వెల్లుల్లి వాసన పోతే ఒట్టు. ఇప్పటికీ ఆ అద్దాల బీరువా తెరిస్తే ఆకలేస్తుంది. వాలీబాల్ షీల్డు ఇంకొకరింట్లో నీళ్ళ కుండ మీద మూతగా దొరికింది. వాళ్ళు మాత్రం మంచివాళ్ళు, వెంటనే ఇచ్చేశారు, బదులుగా ఒక పళ్ళెం పట్టుకురమ్మన్నారు.

అసలు సంగతి కబడ్డీ ఫోటోతో మొదలైంది. క్లబ్బు అటక మీద, చెదలు పట్టిన పాత రిజిస్టర్ల కింద దొరికింది. 1986లో బొగ్గు కంపెనీలన్నిటి మధ్య బీహార్‌లో జరిగిన పోటీల్లో మన గని జట్టు మొదటి బహుమతి గెలిచినప్పుడు తీసినది. నిక్కర్లు వేసుకున్న ఏడుగురు, మధ్యలో కప్పు పట్టుకున్న కెప్టెన్. కెప్టెన్‌కు ఎడమ చెవి పైభాగం లేదు. ఏ పట్టులోనో ఎవడి మోకాలో తగిలి ఊడిపోయి ఉంటుంది. కింద టైపు కొట్టిన పేర్లు అంటించి ఉన్నాయి. మధ్య పేరు గుర్రం బిక్షం, కెప్టెన్.

జగదీశ్వర్ సారుకు ఆ ఫోటో చూసి ప్రాణం లేచొచ్చింది. “దీన్నే మెయిన్ ఐటమ్ చేద్దాం మేడం! తలుపంత పెద్దగా ప్రింటు తీయిద్దాం. ఏడుగురికీ ఉత్తరాలు పంపండి. కెప్టెన్‌కు జీఎం గారి చేతుల మీదుగా సన్మానం!” అన్నాడు. సర్వీసు పుస్తకాల్లో ఉన్న సొంతూరి అడ్రసులు చూసి ఏడు ఉత్తరాలు పోస్టు చేశాను. ఆ రోజు కాళ్ళు విరగ్గొట్టుకుని కూర్చున్నా బాగుండేది.

మూడో రోజు కమాన్‌పూర్ వైపు నుంచి ఒక పెద్దమనిషి ఆఫీసుకొచ్చాడు. కొత్త అంగీ, మీసాలకు రంగు, చంకలో ఫ్రేము కట్టిన పేపరు ముక్క.

“నమస్తె మేడం. నేనే బిక్షాన్ని. కెప్టెన్‌ను.”

నేను లేచి నిలబడ్డాను, కుర్చీ వేయించాను, చాయ్ తెప్పించాను. ఆయన కాలు మీద కాలు వేసుకుని బీహార్ విశేషాలు మొదలుపెట్టాడు. అక్కడ ఎంత మంది వచ్చారు, చివరి కూతకు తాను పోయి ముగ్గుర్ని ఎట్లా ముట్టుకొచ్చాడు, అన్నీ చెప్పాడు. ఆ పేపరు ముక్కలో కూడా అదే ఉంది. అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. నాకు అనుమానం వచ్చి ఆయన చెవి వంక చూశాను. కుడిదీ ఎడమదీ రెండూ నిండుగా ఉన్నాయి.

“ఎడమ చెవుకు దెబ్బ తాకింది గదా కాకా, నయమైందా?” అన్నాను.

ఆయన చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. తడుముకున్నాడు. “అదా... అది మల్ల మొలిచింది,” అన్నాడు.

మనిషికి చెవి తిరిగి రావడం నేను బైబిల్లో ఒక్కసారే చదివాను, అదీ ప్రభువు ముట్టుకుంటేనే. కమాన్‌పూర్‌లో ఎవరు ముట్టుకున్నారో అడగలేదు. చాయ్ తాగి, సన్మానానికి భార్య పోశవ్వను కూడా తీసుకొస్తానని చెప్పి, ఆయన వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఫోటో తీసుకెళ్ళి మా నాన్న ముందు పెట్టాను. మా నాన్న యిర్మియా ముప్పై ఏళ్ళు గని ఆఫీసులో హాజరీ రాసిన గుమాస్తా. కళ్ళజోడు సర్దుకుని ఫోటో చూశాడు, కళ్ళజోడు తీసి కింద పెట్టాడు.

“ఈ పేరు జోలికి పోకు బిడ్డా.”

“ఎందుకు?”

“వీడు ఎల్లన్న. బిక్షం పేరు మీద పని చేసిండు.”

ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు విప్పి చెప్పక్కర్లేదు కానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ రోజుల్లో కొలువు కాగితం ఒకడికి వచ్చేది, గనిలోకి ఇంకొకడు దిగేవాడు. కాగితం వచ్చినవాడు భయపడేవాడు, లేదా వ్యవసాయం వదల్లేకపోయేవాడు. తమ్ముడో బావో ఆ పేరు తొడుక్కుని డ్యూటీ ఎక్కేవాడు. ఫోటోలు లేవు, వేలిముద్రలు సరిగ్గా లేవు. దీన్ని మారుపేరు అంటారు. ఒకసారి ఎక్కించుకున్న పేరు దిగేది కాదు.

“నేను హాజరీల పిలిచిన పేరొకటి, పలికే మనిషొకడు,” అన్నాడు నాన్న. “ఈ ఏడుగురిల గూడ ముగ్గురు మారుపేర్లోల్లే. నాకన్నీ ఎర్కే. ఎర్క ఉండి రాసిన. దేవుడు నన్నడిగితె ఏం చెప్పుకోవాల్నో, గది ఆయనకు నాకు నడుమ.”

మర్నాడు ఎల్లన్నను వెతుక్కుంటూ పోయాను. కొడుకు సదయ్యకు కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో ఉంటున్నాడు. అరుగు మీద ఎల్లన్న భార్య సారవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఎల్లన్న. ఎడమ చెవి సగమే ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. నాలుగేళ్ళ కింద దవాఖానలో అన్‌ఫిట్ చేసి, ఆయన బదులు సదయ్యకు డ్యూటీ ఇచ్చారు.

నేను ఎవరో చెప్పగానే సారవ్వ చేట పక్కన పెట్టింది. “మా అన్న వచ్చిండా నీ కాడికి?”

“మీ అన్ననా?”

“గా బిక్షం. నా తోడవుట్టినోడు. కొత్త అంగి తొడుక్కొని వచ్చిండా?”

“వచ్చిండవ్వా.”

“వాని నోట్లె మన్ను వడ! ఇరవై ఆరేండ్ల సంది ఊర్లె కెప్టెన్‌నని చెప్పుకుంట తిరుగుతుండు. గౌండ్లోల్లు కల్లు ఉత్తగనే పోస్తరట. కూత పెట్టింది ఈయన, కల్లు తాగేది వాడు!”

ఎల్లన్న నవ్వాడు. “నీ అన్నే గదా, తాగనియ్యి.”

కథంతా సారవ్వే చెప్పింది. కొలువు కాగితం బిక్షానికే వచ్చిందట. మొదటి రోజు గని దగ్గరికి పోయాడు, టోపీ పెట్టారు, దీపం కట్టారు. “దీపం నెత్తికి కట్టంగనే చెమటలు వట్టినయ్ బిడ్డా. పాయఖానకు పోయొస్తనని పోయిండు. ఇంతవరకు రాలె!” ఆ కాగితం వృథా పోకుండా మూడో రోజు ఎల్లన్న దిగాడు. అప్పటికి పెళ్ళయి ఏడాది.

“గిప్పుడు నా గతి చూడు,” అంది సారవ్వ. “కాగితం మీద నేను మా అన్న పెండ్లాన్ని. దవాఖాన చీటీ మీద గట్లనే, క్వార్టర్ కాయిదం మీద గట్లనే. నా కొడుకు కాగితం మీద వాని మేనమామకు కొడుకు. మీ ఏసు ప్రభువు సాక్షిగ చెప్పు, గిట్ల యాడన్న ఉంటదా?”

నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు రాసేదానివి గదా. ఎల్లన్న అని రాయి బిడ్డా. ఏడు పేర్లల్ల మారేది ఒక్క పేరే గదా.”

“వద్దు,” అన్నాడు ఎల్లన్న. ఆ మాటకు కుర్చీలో ముందుకు వంగాడు. “సదయ్య బిక్షం కొడుకని కొలువిచ్చిండ్రు. నేను ఎల్లన్ననైతే వాడు ఎవని కొడుకు? ఒక్క ఆకాశరామన్న ఉత్తరం పడ్డదంటె వాని కొలువు ఊడుతది. గా గోలేటి పొల్లగాడు ఏమయిండో నీకెర్క లేదా?”

సారవ్వకు ఎరుకే. నాకూ ఎరుకే. తండ్రి మారుపేరు బయటపడి కొలువు పోయిన ఆ గోలేటి పిల్లవాడు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు.

“నాకు పేరు ఫికర్ లేదు బిడ్డా,” అన్నాడు ఎల్లన్న. కాసేపు ఊపిరి కూడగట్టుకుని మళ్ళీ తనే అన్నాడు. “అయితె ఒక్కటి. గాడ బీహార్ల మందంత బిక్షం బిక్షం అని ఒర్రిండ్రు. ఎవన్నో పిలుస్తున్నరనిపిచ్చింది. గెలిచినోడు ఎవడో, ఊపిరి పోయినోన్ని నేను.”

నేను లేచి వస్తుంటే వెనక నుంచి అడిగాడు. “ఫోటో ఎంత పెద్దగ చేస్తున్నరు?”

“తలుపంత కాకా.”

“మొకం సాఫ్ కనవడ్తదా?”

“కనవడ్తది.”

“గది చాలు తియ్యి,” అన్నాడు. చాలదని ఆ మొహమే చెబుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపంలో స్కూటీ కిక్కు కొడితే చెప్పు తెగింది.

తెగిన చెప్పుతోనే ఆఫీసుకు పోయి జగదీశ్వర్ సారు ముందు నిలబడ్డాను. ఫోటోల కింద పేర్లు వద్దు సార్, ఊరికే సంవత్సరం, ఆట పేరు రాద్దాం, చూడ్డానికి నీటుగా ఉంటుంది అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“శ్మశానంలో కూడా పేర్లుంటాయి మేడం. పేర్లు లేని మ్యూజియం ఎక్కడన్నా ఉందా? అసలు మీకేమైంది ఇవ్వాళ?”

నిజం చెప్పే ధైర్యం నాకెక్కడిది? చెబితే ఫైలు నడుస్తుంది, ఫైలు నడిస్తే సదయ్య కూలబడతాడు. ఏమీ లేదు సార్ అని వచ్చేశాను. ఆయన వెనక నుంచి కేకేశాడు. “కెప్టెన్ల భార్యలకు చీరలు పెడుతున్నాం. సర్వీసు పుస్తకాలు చూసి వాళ్ళ పేర్లు కూడా లిస్టు చెయ్యండి!” నేను తల గోడకేసి కొట్టుకోవాల్సింది, కానీ గోడకు అప్పుడే రంగులేశారు.

ప్రారంభం రోజు పొద్దున పదింటికి క్లబ్బు ముందు షామియానా వేశారు. పాత ఆటగాళ్ళు వంద మందికి పైగా వచ్చారు. ఒకప్పుడు ఒకరినొకరు ఎత్తి పడేసినవాళ్ళు ఇప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లెక్కుతున్నారు. ముందు వరుసలో బిక్షం, పక్కన పోశవ్వ, పట్టుచీర కొత్త మడతలు ఇంకా పోలేదు. మూడో వరుసలో ఎల్లన్న, సారవ్వ. వాళ్ళను రమ్మని నేనే వెళ్ళి పిలిచాను. ఎందుకు పిలిచానో నాకే తెలియదు. రాకపోతే బాగుండదనిపించింది, వచ్చాక రాకుంటేనే బాగుండేదనిపించింది.

జీఎం గారు రిబ్బను కత్తిరించి, లోపల అన్నీ చూసి, ఫుట్‌బాల్ కప్పు దగ్గర ముక్కు ఎగబీల్చి, కబడ్డీ ఫోటో దగ్గర ఆగాడు. ఫోటోలో కెప్టెన్‌ను చూశాడు, పక్కన నిలబడ్డ బిక్షాన్ని చూశాడు.

“మీరేం మారలేదండీ!” అన్నాడు.

“ఏదో మీ దయ సార్,” అన్నాడు బిక్షం.

మిగిలిన ఆటగాళ్ళు వినిపించనట్టు కప్పుల వంక చూస్తున్నారు. ఏం మాట్లాడతారు? మాట్లాడితే వాళ్ళ సొంత పేర్లు కూడా బయటపడతాయి.

మళ్ళీ అందరూ షామియానాలోకి వచ్చారు. బిక్షానికి శాలువా కప్పారు, దండ వేశారు. జగదీశ్వర్ సారు మైకులో నా లిస్టు చదివాడు. “కెప్టెన్ గారి సతీమణి, శ్రీమతి సారవ్వ గారు వేదిక మీదికి రావాలి!”

మూడో వరుసలో సారవ్వ కొయ్యబారిపోయింది. లేస్తే అన్న పక్కన పెండ్లాంలా నిలబడాలి. లేవకపోతే ఎందుకు లేవలేదని అడుగుతారు. అంతలో ముందు వరుసలోంచి పోశవ్వ కొంగు కప్పుకుని చకచకా మెట్లెక్కి, సారవ్వ పేరు మీద చీర తీసుకుని, జీఎం గారికి దండం పెట్టి దిగింది. జనం చప్పట్లు కొట్టారు.

“నా పేరు గూడ పాయె,” అంది సారవ్వ. పక్కనున్న నాకు వినిపించింది. తిట్టులా అనలేదు, అదే నాకు భయమేసింది.

అక్కడితో అయిపోతే ఈ కథ లేదు. జీఎం గారికి ఉత్సాహం వచ్చింది. “బిక్షం గారూ, ఆ చివరి కూత ఒక్కసారి మాకు వినిపించరూ?” అన్నాడు. మైకు బిక్షం మూతి ముందు పెట్టారు. బిక్షం అటూ ఇటూ చూశాడు. ఈసారి పాయఖానకు పోయొస్తానని చెప్పే వీలు లేదు. గట్టిగా ఊపిరి పీల్చి మొదలుపెట్టాడు. “కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబ...” అంతే. బీడీల దగ్గు అందుకుంది. దగ్గు మైకులోంచి బజారుదాకా వినిపించింది. వెనక వరుసల్లో ముసలివాళ్ళు కిసుక్కుమన్నారు. ఒకరు నీళ్ళ సీసా పట్టుకుని ఉరికారు.

అప్పుడు ఎల్లన్న లేచాడు.

తాను లేస్తానని అనుకోలేదని తర్వాత నాతో చెప్పాడు. తన కూతను అట్లా కుక్కలు చింపిన విస్తరిలా చేస్తుంటే కూర్చోలేకపోయాడట. లేచి, ముందున్న కుర్చీ వీపు పట్టుకుని, బిక్షం ఆపిన చోటు నుంచే అందుకున్నాడు. గట్టిగా కాదు. కడుపులోంచి, ఒకటే సన్నటి దారంలా. మాటకూ మాటకూ మధ్య సందు లేదు, కబడ్డీ అనే మాటే మిగల్లేదు, ఊరికే ఒక మోత మిగిలింది. కుడికాలు నేల మీద లయ వేస్తోంది. సారవ్వ అంగీ పట్టుకుని గుంజుతోంది.

“కూసో, నీ కాల్మొక్త. పొల్లగాని కొలువు...”

ఆయన ఆగలేదు. ఎంతసేపు? పది సెకన్లో, పన్నెండో. ఆ ఛాతీకి అది చాలా ఎక్కువ. ఊపిరి తెగింది, కుర్చీ మీద ఒరిగాడు, నేనూ సారవ్వా చెరో రెక్కా పట్టుకున్నాం.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎక్కడో వెనక నుంచి ఒక ముసలాయన మాత్రం “గదీ కూత!” అన్నాడు. అని నాలుక్కరుచుకున్నాడు.

“ఎవరండీ ఆయన?” అన్నాడు జీఎం.

షామియానాలో వంద మందికి జవాబు తెలుసు. వంద మందీ నోరు మూసుకున్నారు. జగదీశ్వర్ సారు నన్ను చూశాడు. నేను ఎల్లన్న రెక్క పట్టుకుని నేల చూశాను. ఎల్లన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఏం చేశానురా దేవుడా అన్నట్టు సారవ్వను చూస్తున్నాడు. ఒక్క మాట తప్పు పడితే సదయ్య రేపు ఆటో స్టాండులో నిలబడాలి.

బిక్షం దగ్గు ఆపుకున్నాడు. చాలాసేపు ఎల్లన్నను చూశాడు. ఇక అయిపోయింది, వీడు తాగినవాడిలా ఏదో ఒకటి కక్కేస్తాడు అనుకున్నాను.

“మా బావ సార్,” అన్నాడు మైకులో. “ఎల్లన్న. కూత నేర్పిన గురువు. ఆయన లేకుంటె బిక్షం అనేటోడే లేడు సార్.”

ఇరవై ఆరేళ్ళలో బిక్షం చెప్పిన మొదటి నిజం అది. దాన్ని కూడా అబద్ధంలో చుట్టే చెప్పాడు. శాలువా మాత్రం విప్పలేదు, గట్టిగా కప్పుకున్నాడు.

జీఎం గారు లేచి నిలబడ్డాడు. “కోచ్ గారా! కోచ్ పేరే లేకుండా ఫోటో పెట్టారా జగదీశ్వర్ గారూ? ఇదేం పద్ధతండీ? ఇవ్వాళే రాయించండి. శాలువా తెండి!” శాలువాలు అయిపోయాయి. చివర్లో తనకు కప్పమని జగదీశ్వర్ సారు టేబులు కింద దాచి పెట్టించిన ఒక్కటి ఉంది. అది నాకు తెలుసు. నేనే తీసి ఇచ్చాను. ఆ రోజంతటిలో నాకు కలిగిన సుఖం అదొక్కటే. జీఎం గారు మూడో వరుస దాకా నడిచొచ్చి ఎల్లన్న భుజాల మీద కప్పాడు. అప్పుడు షామియానా లేచిపోయేలా చప్పట్లు కొట్టారు. వెనకవాళ్ళు కుర్చీలెక్కారు. “ఎల్లన్న! ఎల్లన్న!” అని అరిచారు. సారవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బిక్షం కూడా చప్పట్లు కొట్టాడు, అదీ నేను చూశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జగదీశ్వర్ సారు నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. కోచ్ పేరు టైపు చేయమన్నాడు. చేశాను. చూసి తల అడ్డంగా ఊపాడు.

“తలలు ఏడు, పేర్లు ఎనిమిది. రేపు ఎవడో ఒకడు లెక్కపెట్టి అర్జీ రాస్తాడు. ముందు ‘ఫోటోలో లేనివారు’ అని కొట్టండి.”

“అట్ల వద్దు సార్.”

“ఎందుకు వద్దు? ఫోటోలో ఉన్నాడా ఆయన?”

ఎదురుగా గోడ మీద తలుపంత ఫోటో. సరిగ్గా మధ్యలో, కప్పు గుండెకు హత్తుకుని, ముప్పై ఏళ్ళ ఎల్లన్న నావైపే చూస్తున్నాడు.

“లేడు సార్,” అన్నాను.

టైపు కొట్టి, ప్రింటు తీసి, ఫోటో కింద నా చేతులతోనే అంటించాను. జిగురు అంటుకున్న వేళ్ళు చీరకు తుడుచుకుంటూ నన్ను నేను తిట్టుకున్నాను, మా జగదీశ్వర్ సారును తిట్టాను, టోపీ పెట్టగానే పారిపోయిన బిక్షాన్ని తిట్టాను, అన్నీ తెలిసి హాజరీ రాసిన మా నాన్నను కూడా తిట్టాను.

జనం వెళ్ళిపోయాక ఎల్లన్న, సారవ్వ లోపలికొచ్చారు. ఎల్లన్న శాలువా ఇంకా కప్పుకునే ఉన్నాడు. ఆ ఉక్కలో చెమటలు కారుతున్నా తీయలేదు.

“నా పేరు రాసిండ్రట గదా. ఏడున్నది బిడ్డా?”

చూపించాను. వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. “ఎ... ల్ల... న్న.” అది చదవగలడు, తన పేరొక్కటే ఎవరో నేర్పారట. సంతకం మాత్రం ముప్పై ఏళ్ళు బిక్షం అనే చేశాడు.

“ముంగట ఏమని రాసిండ్రు?”

అబద్ధం చెబుదామనుకున్నాను. కెప్టెన్ అని రాశామని చెబితే ఆయనకెట్లా తెలుస్తుంది? పొద్దున్నుంచి ఈ గదిలో అన్నీ అబద్ధాలే నడిచాయి, ఇంకొకటి బరువేం కాదు. కానీ నాకు నోరు రాలేదు.

“ఫోటోలో లేనివారు: కోచ్ శ్రీ ఎల్లన్న,” అని చదివాను.

ఎల్లన్న తలెత్తి ఫోటో చూశాడు. కిందికి చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. సారవ్వ నెత్తి కొట్టుకుంది. “ఓరి నీ మ్యూజియం పాడుగాను! నిలవడ్డ మనిషిని పట్టుకొని లేడని రాస్తరా?” అని నా మీదికొచ్చింది. నిజంగానే నా కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఈసారి కోపం కూడా రాలేదు.

ఎల్లన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగాక మళ్ళీ నవ్వయింది.

“ఊకో బిడ్డా, ఏడ్వకు. నువ్వు ఉన్న మాటే రాసినవ్.”

గోడ దగ్గరికి జరిగాడు. బొటనవేలు తన పేరు మీద ఆనించి, వేళ్ళు బార్లా చాచి పైకి ఒక జాన కొలిచాడు. మోకాళ్ళ దాకా వచ్చింది. ఇంకో జాన పెట్టాడు, కప్పు దాకా వచ్చింది. మూడో జానకు చిటికెన వేలు ఫోటోలోని మొహాన్ని తాకింది. అక్కడే కాసేపు ఆపాడు.

“మూడు జానలు,” అన్నాడు సారవ్వతో. “గింత దగ్గరికి ఎన్నడు రాలే.”